నోయ్ తొమ్మిదో రోజు

లలితగారి మీద ఆ రోజు వచ్చిన కోపం నాకింకా చల్లారలేదు. నా మీద నాకు వచ్చింది అంతకంటే ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో నేనేమీ మంచిదాన్ని కాను.

1986 అక్టోబరు. అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్క అపార్ట్‌మెంట్‌లో నోయ్ ఉండేది. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవి నుంచి వచ్చిన నర్సు. ఇంచుమించు మన దసరా రోజుల్లోనే ఏటా వాళ్ళ దీవిలో శాకాహారపు పండుగ జరుగుతుంది. తొమ్మిది రోజులు తెల్లబట్టలు కట్టుకుని, మాంసం, గుడ్డు, పాలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. కొందరు నిప్పులు తొక్కుతారు, బుగ్గల్లో ఊచలు గుచ్చుకుంటారు. మా కోనసీమలో వీరభద్రుడి సంబరానికి నారసాలు గుచ్చుకుంటారని నేను చెబితే ఎంత మురిసిపోయిందో! తొమ్మిదో రోజు గుడి ముందు వీధిలో బల్లలు వేసుకుని అందరూ కలిసి తింటారట. ఇక్కడికొచ్చిన ఆరేళ్ళుగా ఆ భోజనం ఒక్కతే చేస్తోంది.

"ఈసారైనా నలుగురితో తినాలనుంది, జయంతీ" అంది.

ఆ ఏడు తొమ్మిదో రోజు ఆదివారం పడింది. చర్చి హాల్లో మా తెలుగువాళ్ళ దసరా పాట్‌లక్, అంటే తలో వంటా తెచ్చుకుని కలిసి తినే విందు, కూడా ఆ రోజే. రమ్మన్నాను. వ్రతానికని కొత్త గిన్నెలు కొని, పనీర్‌లా ఉండే సోయాపాల టోఫూ, పుట్టగొడుగులు వేసి కూర వండి తెచ్చింది.

హాల్లో వంటల పెత్తనమంతా లలితగారిది. నోయ్ చేతిలో గిన్నె చూడగానే నన్ను పక్కకు లాగారు.

"ఏంటమ్మా ఇది? వాళ్ళు పాములూ కప్పలూ తింటారు. ఆ చేత్తో వండింది మనం టేబుల్ మీద పెడతామా? ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళున్నారు, పెద్ద ఇష్యూ అవుద్ది."

ఆ మనం ఎవరో నాకు తెలియదా? ఎండాకాలమంతా పార్కులో కోడికాళ్ళు కాల్చుకుని చప్పరించినవాళ్ళమే. చెంప చెళ్ళుమనేలా ఒక మాట అనాల్సింది. నేనేమన్నానో తెలుసా?

"నేనే చేశానండీ. తను హెల్ప్‌కి పట్టుకుందంతే."

కూర టేబుల్ ఎక్కింది. పావుగంటలో గిన్నె ఖాళీ.

"పనీర్ ఎంత సాఫ్ట్‌గా ఉందో! రెసిపీ ఇయ్యవే" అని నా స్నేహితురాలు రేణు నా వెంట పడింది. లలితగారు నోయ్ వైపు తిరిగి, ఆ కూర చేసిన జయంతిలాంటి వంటమనిషి మీకు పక్కింట్లో ఉండటం అదృష్టమని ఇంగ్లీషులో అన్నారు. నోయ్ నా వైపు చూసింది. నేను నవ్వాను. ఛీ, ఆ నవ్వు!

తర్వాత ఆమె పళ్ళెం పట్టుకుని ప్రతి గిన్నె దగ్గరా ఉల్లి ఉందా అని అడుగుతూ వెళ్ళింది. అన్నిట్లోనూ ఉంది. లేనిది పులిహోర ఒక్కటే, అదీ అయిపోయింది. స్వీట్లన్నీ పాలూ నెయ్యీ. చివరికి ఉత్త అన్నం పెట్టుకుని మూల కుర్చీలో కూర్చుంది. దగ్గరికి వెళ్ళాను.

"మా ఊళ్ళో ఇవాళ ఎవరు వండారని ఎవరూ అడగరు" అంది ఇంగ్లీషులో, మెల్లగా. "ఇక్కడ అడిగారు. నువ్వు నీ పేరు చెప్పావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లల డాన్సుకు పెట్టిన మైకు లాక్కున్నాను.

"ఇందాక మీరంతా లొట్టలేసుకుని తిన్న కూర నేను చెయ్యలేదు! ఆ అమ్మాయి చేసింది. తొమ్మిది రోజుల్నించి ఉల్లి కూడా ముట్టకుండా ఉండి, మనతో కలిసి తిందామని వచ్చింది. మనం దాని చేతి కూర తినేసి దానికి తెల్లన్నం మిగిల్చాం!"

లలితగారి మొహం కందగడ్డ అయింది. "ముందే చెప్పొద్దూ?"

"చెప్తే తినేవాళ్ళా?"

వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి, నోరు పుక్కిలించుకోవడానికి బాత్రూమ్‌కి వెళ్ళింది.

నోయ్ కోసం చూశాను. కుర్చీ మీద అన్నం పళ్ళెం ఉంది, మనిషి లేదు. పార్కింగ్ లాట్‌లోకి పరుగెత్తేసరికి ఆమె కారు రోడ్డెక్కి మలుపు తిరుగుతోంది. అప్పుడు తట్టింది నాకు. మైకులో నేను అరిచిందంతా తెలుగులో. అక్కడే కూర్చుని విన్నా, నోయ్‌కి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.