రాక్షసుడికి తలంటు

ఒక మనిషి కనిపెట్టిన పని కింద మరొక మనిషి పేరు ఎందుకు ఉంది? పటాన్‌చెరులోని బొమ్మల షెడ్డులో కమలాకుమారి ఈ ప్రశ్న అడిగి రెండేళ్లయింది. జవాబు చెప్పవలసినవారు ఇంతవరకు చెప్పలేదు.

భర్త ఉద్యోగం కోసం తెనాలి నుంచి పటాన్‌చెరు పక్కనున్న రామచంద్రాపురం వచ్చిన కమలాకుమారి, పిల్లలు బడికి పోయాక ఊరికే కూర్చోలేక ఆ షెడ్డులో చేరింది. డెబ్బై ఏడు నాటికి అతికింపు బల్లకు ఆమే పెద్ద. అక్కడ తయారయ్యేవి బొటనవేలంత ప్లాస్టిక్ బొమ్మలు: రెండు తలల పక్షి, రెక్కల గుర్రం, గద ఎత్తిన రాక్షసుడు. యంత్రం వాటిని ముక్కలుగానే ఇస్తుంది. ఆడవాళ్లు ఆ ముక్కల అంచులు గీకి, మొండెం రెండు సగాలనూ జిగురుతో అతికించి, రెక్కలూ గదలూ తగిలించి, రంగుకు ముందు బూడిదవన్నె పూత ఒకటి వేస్తారు. దాన్ని అస్తరు అంటారు. అస్తరు పట్టని బొమ్మ మీద ఎంత మేలైన రంగు వేసినా దండగే.

ఆ యేడు దసరా సెలవు తర్వాత అస్తరు పట్టడం మానేసింది. పూత చుక్కలు చుక్కలుగా విడిపోయింది. ఆరిన చోట గోరు తగిలితే పొరలా ఊడింది. దీపావళికి సరుకు పట్నం చేరాలి.

అస్తరు పని బక్కమ్మది. కంది అనే ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి. మేనేజరు సూర్యప్రకాశరావు బొమ్మను చూడకుండా ఆమె చేతులు చూశాడు.

"తలకు ఆముదం దట్టించి, ఆ చేతులతోనే బొమ్మలు పట్టుకుంటారు. రేపటినుంచి ఈమె రానక్కర్లేదు. కారణం రిజిస్టర్లో మీరే రాయండి, కమలాకుమారి గారూ."

"నెత్తికి నూనె వెట్టక పది దినాలాయె సార్," అంది బక్కమ్మ. "సూడుండ్రి, గడ్డివాము లెక్కున్నది."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. మేనేజరు నవ్వకుండా వెళ్లిపోయాడు.

బక్కమ్మ ఒక రాక్షసుణ్ణి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఆముదం గాదు. నువ్వుల నూనె," అని కమలాకుమారి వైపు చూసింది.

కమలాకుమారికి దసరా పూజ గుర్తొచ్చింది. ఆయుధపూజ నాడు అందరూ యంత్రానికి బొట్టు పెట్టి ఊరుకున్నారు. ఆమె మాత్రం ఇంట్లో విగ్రహాలకు రాసినట్టే బొమ్మల ముక్కలు పోసే ఉక్కు అచ్చు లోపల గీతగీతకూ వేలితో నువ్వుల నూనె పట్టించింది. ఎంత శ్రద్ధ అని మేనేజరు మెచ్చుకున్నాడు కూడా. ఆ నూనే ఇప్పుడు ప్రతి బొమ్మకూ అంటుకుని వస్తోంది.

"నూనె వెట్టినవ్, మంచిదే అమ్మా," అంది బక్కమ్మ, పక్కవాళ్లకు వినపడనంత మెల్లగా. "మల్ల తలకెవలు పొయ్యాలె? జిడ్డు మొగం మీద బొట్టు నిలుస్తదా?"

"నీ ఉద్యోగం పోతోంది బక్కమ్మా! తప్పు నాదని ఆయనకు చెప్పవేం?"

"చెప్తే నీది వోతది. ఒక్కల్దన్న ఎందుకు పోవాలె? జల్దీ కుంకుడుకాయలు తెప్పియ్యి. ఇగ లొల్లి బంద్."

గోరువెచ్చని కుంకుడు రసంలో రాక్షసులకు తలంటు జరిగింది. అచ్చును మళ్లీ మళ్లీ గుడ్డతో తుడిచారు. నీడన ఆరబెట్టిన బొమ్మల మీద అస్తరు చర్మంలా పట్టింది. గోటితో గీరినా కదలలేదు.

సాయంత్రం కమలాకుమారి రిజిస్టర్లో రెండు వాక్యాలు రాసింది. 'అచ్చుకు నూనె రాసి పని చెడగొట్టినది కమలాకుమారి. పని నిలబెట్టినది బక్కమ్మ.' తాను మెచ్చుకున్న పూజకు శిక్ష వేయడం మేనేజరుకు సాధ్యం కాలేదు. ఇద్దరి ఉద్యోగాలూ నిలిచాయి.

నెల తిరిగేసరికి గోడ మీద పలక వెలిసింది: 'కుంకుడు నీటి పద్ధతి. రూపకర్త: సూర్యప్రకాశరావు.'

"పేరు తప్పు పడిందండీ," అంది కమలాకుమారి.

"పద్ధతి అన్నాక బాధ్యత గల పేరొకటి ఉండాలి కదమ్మా."

"ఆ పేరు రిజిస్టర్లో రాశాను. చదివి మీరే సంతకం పెట్టారు. పలక మీద మీ పేరు ఎందుకుంది?"

ఆయన కళ్లజోడు కోసం జేబులు వెతుక్కున్నాడు. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

"ఊకో అమ్మా," అని నవ్వింది బక్కమ్మ. "రాచ్చసునికి తల వోసినదాన్ని. పలకకు భయపడ్తనా?"

కమలాకుమారి ఊరుకోలేదు. మరుసటి దసరాకు మేనేజరు కుంకుమ పళ్లెం అందించి, యంత్రానికి బొట్టు పెట్టమన్నాడు. ఆమె యంత్రాన్ని దాటి వెళ్లి, బక్కమ్మ రెండు అరచేతుల్లోనూ బొట్టు పెట్టి, ఆ చేతులను కళ్లకద్దుకుంది. తన అన్నం నిలబెట్టిన చేతులవి.

పలక ఇంకా అక్కడే ఉంది. కాని బొమ్మలు ఇల్లిల్లూ చేరాయి. మీ పిల్లల ఆటసామాన్లలో గద ఎత్తిన రాక్షసుడు ఉంటే బయటికి తీయండి. గోటితో గీరి చూడండి, రంగు రాదు. ఇప్పుడు వాణ్ణి తలకిందులు చేసి, పాదాల కింది పీఠం మీద గుండుసూదితో గీయండి: బక్కమ్మ.