తియ్యగా ఉందన్నాడాయన

నేను ఒక స్టీలు చెంచాను. ఫ్యాక్టరీలో రేకు నుంచి నన్ను కోసి, వంచి, మెరుగు పెట్టిన మనిషి నా వంక సరిగ్గా చూడను కూడా లేదు. మొదట క్యాటరింగ్ చేసే ఒకాయన కొన్నాడు. పెళ్ళిళ్ళలో నన్ను ఐస్‌క్రీమ్ కప్పుల్లో గుచ్చి పంచేవాడు. అప్పట్లో లోకంలో అందరి నోళ్ళూ చల్లగా, తియ్యగా ఉంటాయనుకునేదాన్ని.

ఆయన వ్యాపారం మానేశాక విశాఖపట్నంలో హిమజ అనే అమ్మాయి నన్ను కొంది. సింగపూర్‌లో పని నేర్చుకుని వచ్చి, ఎంవీపీ కాలనీలో జపాన్, కొరియా తరహా బేకరీ పెట్టింది. అక్కడి పేరంతా గ్రీన్ టీ పొడితో చేసిన వాటిదే. రుబ్బిన గోరింటాకులా పచ్చటి కేకులు, పుడ్డింగులు. వచ్చినవాళ్ళు ముందు నవ్వుతూ ఫోటో దిగేవాళ్ళు. తర్వాత నాతో ఒక ముక్క నోట్లో పెట్టుకుని, మొహం చిట్లించి, నన్ను పళ్ళెంలో వదిలేసి చాక్లెట్ కేకు అడిగేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం సత్యవేణి, ఆమె భర్త పైడిరాజు వచ్చారు. ఆయన పోర్టులో క్రేన్ నడిపినవాడు. గొంతులో గడ్డకి ఆసుపత్రిలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించారు. గడ్డ పోయింది, దానితో పాటు నాలుక మీది రుచీ పోయింది. మెల్లగా వస్తుందన్నారు డాక్టర్లు. ఏం తిన్నా తడి మట్టిలాగే ఉందని ఆయన చాలాకాలం అన్నాడట. ఈమధ్యే చేపల పులుసు బాగుందని ఒకటి రెండుసార్లు అనేసరికి ఆవిడకి ఆశ పుట్టింది. ఎన్నడూ ఎరగని రుచి అయితే నాలుక ఇంకా తొందరగా పట్టుకుంటుందేమోనని ఇక్కడికి తీసుకొచ్చింది. ఇదంతా కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి చెప్పి, ఉన్నవాటిలో బాగా ఘాటైనది ఇమ్మంది. హిమజ చక్కెర తక్కువ వేసి, పచ్చటి పొడి దట్టంగా చల్లిన కేకు తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది. పక్కన నన్ను పెట్టింది.

పైడిరాజు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఆ నాలుక ఎండిపోయి గరుకుగా ఉంది. దేన్నో వెతుకుతున్నట్టు నా మీద చాలాసేపు ఆగింది. సత్యవేణి బల్ల మీదికి వంగి ఆయన మొహంలోకే చూస్తోంది.

"బాగుంది వేణీ. తియ్యగా ఉంది," అన్నాడు.

ఆవిడ మొహం విప్పారింది. ఆయన చేతిలోంచి నన్ను తీసుకుని తనూ ఒక ముక్క తింది. నములుతూ నములుతూ ఆగిపోయింది. కష్టపడి మింగి, పళ్ళెం వంక చూస్తూ కూర్చుంది.

"చేదుగా ఉందండీ."

ఆయన తల దించుకున్నాడు. "కేకు కదా, తియ్యగా ఉంటుందనుకున్నాను."

"మరి మొన్న పులుసు బాగుందన్నారు?"

ఆయన పళ్ళెం తన వైపు లాక్కున్నాడు. రుచి లేకపోయినా తినడం అలవాటైపోయిందని, అదేం పెద్ద బాధ కాదని అన్నాడు. "నువ్వలా ఆశగా చూస్తుంటేనే ముద్ద దిగట్లేదు. ఇంక నన్ను ఎక్కడికీ తిప్పకు వేణీ."

సత్యవేణి కుర్చీ రోడ్డు వైపు తిప్పుకుని కూర్చుంది. ఆయన నన్ను మళ్ళీ అందుకుని ఆ చేదంతా తిన్నాడు, పొడి కూడా మిగల్చకుండా. ఆ బేకరీలో ఆ కేకు పూర్తిగా తిన్న మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. తింటున్నంతసేపూ ఎదురుగా ఆవిడ వీపు వెక్కిళ్ళకి కదులుతూనే ఉంది. హిమజ మంచినీళ్ళు తెచ్చి, ఎవరి ముందు పెట్టాలో తెలియక గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది.

వాళ్ళు మళ్ళీ రాలేదు. వానలు వెనకబట్టేసరికి బేకరీ కూడా మూతపడింది. ఇప్పుడు పాత సామాన్ల కొట్లో, గోనెసంచిలో, వంగిపోయిన గరిటెల కింద ఉన్నాను. త్వరలో కరిగించడానికి పంపుతారట. కరిగాక నన్ను మేకుగా చేసినా, గొళ్ళెంగా చేసినా సరే. చెంచాగా మాత్రం వద్దు. మనిషి నోటిదాకా వెళ్ళి, ఏమీ ఇవ్వలేక బయటికి రావడం ఇంకోసారి నా వల్ల కాదు.