మీరే ముంచండి

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు నీటి పరీక్షల కార్యాలయంలో పోలీసులు పెద్దక్కను అరెస్టు చేశారు. అధికారి బల్ల మీద బోరు నీళ్ల బిందె పెట్టడం ఆమె చేసిన నేరం.

పెద్దక్క నూలుకు రంగులద్దే షెడ్డులో తొట్ల దగ్గర పనిచేస్తుంది. షెడ్డు వెనక సందులో కూలీల ఇళ్లు, అందరికీ కలిపి ఒక బోరు. షెడ్డు వదిలే నీళ్లు ఆ బోరు పక్క కాలవలోనే పోతాయి. ఆమె కోడలికి ఎనిమిదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. మంచినీళ్ల ట్యాంకరు పంపమని సందువాళ్లు ఏడాదిగా అడుగుతున్నారు. బోరులో విషముందనడానికి రుజువేదని కార్యాలయం అడుగుతోంది.

రుజువు పెద్దక్క చెల్లెలి కొడుకు తెచ్చాడు. కాలేజీలో రసాయనశాస్త్రం చదువుతున్నాడు. వేలెడేసి కాగితం ముక్కలు, వాటికి కంటికి ఆనని బంగారు రేణువులు పట్టించారు. కాగితం ఎర్రగా ఉంటుంది. రంగుల్లోని సీసం నీళ్లలో కలిసి ఉంటే నీలమవుతుంది. ఖరీదు కప్పు టీ కంటే తక్కువ.

"బంగారమా?" అంది పక్కింటి వదిన. "మెళ్లో వేసుకోను లేదు గానీ, బోరు నీళ్లలో ముంచను దొరికిందన్నమాట."

"ఎవరింటి నీళ్లు వాళ్లే చూసుకోండి," అన్నాడు విద్యార్థి. "మన పరీక్ష మన చేతుల్లోనే ఉండాలి."

ఇంటికొకరు ముంచారు. ప్రతి కాగితమూ నీలమైంది. అందరూ కలిసి వెళ్లి వాటిని అధికారి ముందు పరిచారు.

ఆయన కాగితాలు వదిలి చేతులు చూశాడు. "ఇప్పుడు షెడ్డులో ఏ రంగు నడుస్తోంది?"

"నీలం."

"మరి ఇది నీళ్లదా, మీ వేళ్లదా?"

తొట్లలో పనిచేసేవాళ్ల చేతుల రంగు సబ్బుకు పోదు. ప్రతి కాగితం అంచునా నీలం వేలిముద్ర ఉంది. వాళ్లు కాగితాలు ఏరుకుని వెనక్కి వచ్చారు.

సాయంత్రం సందులో మీటింగు. షెడ్డు మేస్త్రీ పిలవకుండానే వచ్చాడు.

"బోరు చెడిందని మీరే చాటితే బోరే మూసేస్తారు. అప్పుడేం తాగుతారు, తొట్టి నీళ్లా?"

"ఇప్పుడు తాగేది అవేగా మేస్త్రీ," అన్నాడు తొట్ల దగ్గరే తల నెరిసిన తాత.

"చేతులు బాగా కడుక్కుని మళ్లీ ముంచుదాం," అన్నారొకరు.

"చర్మం ఒలిచి ఆరేస్తావా?" అంది వదిన.

పెద్దక్క లేచింది. "చేతికి రంగు లేనివాడు ఆఫీసులో కూర్చున్నాడుగా. ఆయన చేతే ముంచిద్దాం."

మర్నాడు, మంగళవారం పొద్దున, షిఫ్టు షిఫ్టంతా బిందెలతో కార్యాలయానికి వెళ్లింది. నమూనా తీయడానికి ఒక పద్ధతుందని, పెద్ద ల్యాబుకు పంపితే మూడు నెలలు పడుతుందని అధికారి చెప్పాడు.

"మూడు నెలలు ఆగమని మా కోడలి కడుపుకి మీరే చెప్పండి సార్." పెద్దక్క బిందె బల్ల మీద పెట్టింది. కాగితాల పొట్లం విప్పి ముందుకు తోసింది. "మీరే ముంచండి."

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని పోలీసులకు ఫోను చేశాడు.

గుమ్మం దగ్గరున్న బంట్రోతు లోపలికొచ్చి పొట్లంలోంచి ఒక కాగితం తీశాడు. "నాది రంగు పని కాదు కదండీ," అని ముంచాడు. నీలమైంది. దాన్ని అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నాడు.

"బంట్రోతు చేసిన పరీక్ష చెల్లదు," అన్నాడు అధికారి.

"మేం ముంచితే వేళ్ల రంగు. ఆయన ముంచితే ఉద్యోగం చిన్నది. మీరేమో ముంచరు," అన్నాడు తాత.

పోలీసులు పెద్దక్కను వ్యానెక్కించారు. పొట్లం స్వాధీనం చేసుకున్నారు. మధ్యాహ్నానికి బంట్రోతును సస్పెండ్ చేశారు.

రెండో షిఫ్టుకు తొట్ల దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. షెడ్డు షెడ్డంతా స్టేషను ముందు కూర్చుంది. మేస్త్రీ వచ్చి పేరుపేరునా పిలిచాడు, ఒక్కరూ లేవలేదు. చీకటి పడేదాకా పెద్దక్కను వదల్లేదు. ట్యాంకరు రాలేదు. కోడలు బోరు నీళ్లే తాగింది.