అమ్మ ఆపిన పేజీ

పుస్తకాలంటే నాకు పడదు. దుమ్ముకి తుమ్ములొస్తాయి, తుమ్ములొస్తే కుట్టు వంకరపోతుంది. వదులైన బట్టలు బిగించి, బిగుసుకుపోయినవి వదులు చేసి బతికేదాన్ని నేను. అందుకే మా అక్క ఇంటికి వెళ్తే గుమ్మంలోనే కూలబడేదాన్ని. లోపల మనుషులు కూర్చోవాల్సిన చోటల్లా పుస్తకాలు కూర్చుని ఉండేవి. కుర్చీల మీద, మెట్ల మీద, బియ్యం డబ్బా మూత మీద, ఆఖరికి స్నానాల గది కిటికీలో కూడా. "ఇల్లు వాటిది, మీరు అద్దెకుంటున్నారే అక్కా" అనేదాన్ని. ఆవిడ నవ్వి, రెండు పుస్తకాలు పక్కకు జరిపి నాకు జానెడు చోటు చేసేది.

అక్క ఒకప్పుడు బడిలో టీచరు. గంట కొట్టగానే కథని సగంలో ఆపడం తన వల్ల కాదంటూ ఉద్యోగం మానేసి, తన ముగ్గురు పిల్లలకీ ఇంట్లోనే చదువు చెప్పింది. పాత పేపర్ల కొట్టువాడు తూకం వేయబోతున్న పుస్తకాల్ని వాడితో పోట్లాడి మరీ సంచిలో వేసుకొచ్చేది. చిరిగినవాటికి నా దగ్గర మిగిలిన గుడ్డముక్కలతో అట్టలు వేసేది. మధ్యాహ్నం పూట అందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని పైకి చదివేది. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పైకి చదివిన పుస్తకం పూర్తయిందంటే అది ఇక ఇంట్లో ఉండకూడదు. గేటు పక్కన మా బావ బిగించిన చెక్క రాక్‌లో పెట్టేయాలి, వీధిలో ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకుపోవాలి. ఎదురింటి బస్సు డ్రైవరు అలా పట్టుకుపోయి ఆఖరి స్టాపులో చదువుకునేవాడు. మూలింటి నర్సు పేజీలు మడతపెట్టేసి తిరిగి తెచ్చేది, అక్క చేత చివాట్లు తినేది, ఇంకోటి తీసుకుపోయేది.

"మనం వినేశాం కదా, ఇంక అది వేరేవాళ్ళది" అనేది అక్క. పిల్లలు ముద్దుగా టాటా చెప్పి మరీ పుస్తకాన్ని రాక్‌లో పెట్టేవాళ్ళు. అయినా ఇల్లు ఖాళీ అయిందీ లేదు, పెట్టిందీ లేదు. పోయేవాటికంటే వచ్చేవే ఎక్కువ.

వానలు మొదలైన రోజుల్లో అక్కకి కడుపునొప్పి వచ్చింది. నర్సే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మా బావ కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు అరగదీస్తాడు. ఫోను చేస్తే, "ఈ ఒక్క జత పూర్తి చేసి వచ్చేస్తున్నా" అన్నాడు. మామూలు నొప్పే అనుకున్నాడు పాపం, అందరం అలాగే అనుకున్నాం. ఆయన వెళ్ళేసరికి అక్క లేదు.

నేను కుట్టుమిషను రిక్షాలో వేసుకుని వచ్చేశాను. కొన్నాళ్ళు ఉందామని వచ్చినదాన్ని ఉండిపోయాను. పెద్దది పద్నాలుగేళ్ళకే అమ్మ కుర్చీలో కూర్చుని తమ్ముడికి లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. వాడు అల్లరి మానేశాడు, అది చూస్తే ఇంకా దిగులేసేది. ఇక చిన్నది. ఆరేళ్ళు నిండినా బక్కపల్చగా ఉంటుందని దాన్ని అందరూ పిట్ట అంటారు. దానికి ఇంకా చదవడం రాదు. వాళ్ళమ్మ పోయాక పెద్దది పలకా బలపం పట్టుకుని ఎంత పోరినా నోరు విప్పేది కాదు. "బళ్ళో వేసేయండి, అదే దారిలో పడుతుంది" అని వీధిలో సలహాలు మొదలయ్యాయి. నేనొక్కతెనే గుడ్లురిమి వాళ్ళ నోళ్ళు మూయించేదాన్ని.

అక్క ఆఖరిగా పిట్టకి చదువుతున్న పుస్తకం ఒకటుంది. నీలం గుడ్డ అట్ట, నేనిచ్చిన లంగా ముక్కే. తప్పిపోయిన గాడిదని వెతుక్కుంటూ నది వెంట నడిచే ఓ ముసలమ్మ కథ. అక్క గాడిద మాటలు వచ్చినప్పుడల్లా ఒకసారి గొంతు సవరించుకుని బొంగురుగా చదివేది, పిట్ట పొట్ట పట్టుకుని నవ్వేది. కథ సగంలో ఎర్ర రిబ్బను ఉండిపోయింది. ఆ పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఓ ప్యాంటు పొట్టి చేస్తుంటే, మధ్యగదిలో బీరువాకీ గోడకీ మధ్య మూలలోంచి నవ్వు వినబడింది. వంగి చూశాను. పిట్ట ఒళ్ళో నీలం అట్ట పుస్తకం తెరుచుకుని కూర్చుని ఉంది. నేను పలకరించబోయేలోపే తలెత్తి కసిరింది.

"మిషనాపు పిన్నీ. అమ్మ చదువుతోంది, నాకు వినబడట్లేదు."

నా కాలు పెడల్ మీదే బిగుసుకుపోయింది. పిట్ట కాసేపు పేజీ వైపే చూసి, మెల్లిగా తిప్పింది. మళ్ళీ కాసేపు ఆగి ఇంకోటి తిప్పింది. పక్కన ఇంకో మనిషికి చోటు వదిలినట్టు గోడకి ఆనుకుని ఒదిగి కూర్చుంది.  

పసిపిల్ల, ఏదో ఊహించుకుంటోందని సర్దిచెప్పుకున్నాను. సాయంత్రం జడ వేస్తూ, "అమ్మ ఏం చదివింది?" అని తేలిగ్గా అడిగాను. ముసలమ్మ ఉప్పు కొటార్ల దగ్గరికి వచ్చిందనీ, అక్కడి కాపలావాడికి ఒక కన్ను లేదనీ, గాడిద ఉప్పు నాకి పారిపోయిందని వాడు చెప్పాడనీ పూసగుచ్చినట్టు చెప్పింది. పెద్దదాన్ని పుస్తకం తీసి చూడమన్నాను. అది రిబ్బను దగ్గర్నుంచి పేజీలు తిప్పుకుంటూ పోయి ఒకచోట ఆగింది. 

"నిజమే పిన్నీ. ఉప్పు కొటార్లు, ఒంటికన్నువాడు, అన్నీ ఉన్నాయి. ఇక్కడిదాకా అమ్మ చదవనే లేదు."

ఈ సంగతి బావకి చెప్పకుండా ఉండాల్సింది. నడిపివాడు అన్నం దగ్గర అంతా చెప్పేశాడు. బావ ముద్ద అలాగే పట్టుకుని పిట్ట వైపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను, నవ్వేస్తాడనుకున్నాను. ఆయన చేయి కడుక్కుని వచ్చి దాని ముందు గొంతుక్కూర్చుని, "ఇవాళ అమ్మ ఇంకేమైనా అందా తల్లీ?" అన్నాడు.

అప్పట్నుంచీ రోజూ అదే తంతు. మధ్యాహ్నం భోజనానికి రాగానే చెప్పులు విప్పీ విప్పకుండానే ఆ మూలకి వెళ్ళేవాడు. అమ్మ ఏం చదివింది, ఎలా ఉంది, నా గురించి అడిగిందా. బీరువా రెండో తాళంచెవి ఎక్కడ పెట్టిందో అడగమన్నాడు ఒకసారి. పిట్ట మూల వైపు చూసి, "నిఘంటువు వెనకాల" అంది. నిజంగానే అక్కడ దొరికింది. పెద్దవాళ్ళు దాచేవి పిల్లలు చూడరా ఏంటి అని నేను పైకి అన్నాను. లోపల మాత్రం ఆ మాట నేనే నమ్మలేదు.

ఇంకోరోజు ఆయన గొంతు బాగా తగ్గించాడు. నేను పక్కగదిలో బొత్తాలు కుడుతున్నాను, వినబడింది.

"ఒక్క మాట అడుగు తల్లీ. ఆ రోజు నేను ఆలస్యంగా వచ్చానని... కోపంగా ఉందేమో అడుగు."

ఓ పేజీ తిప్పిన చప్పుడయింది. తర్వాత, "కోపం లేదంది నాన్నా" అంది.

బావ ఆ మూలలోనే వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు. ఆయన కోలుకుంటున్నాడు, నిజమే. పిట్ట మాత్రం రోజురోజుకీ చిక్కిపోతోంది. ఆడుకోవడానికి పిలిచినా బయటికి పోదు, కంచం ముందు కూర్చుంటే మెతుకులు లెక్కపెడుతుంది. దాని గౌను నడుం దగ్గర ఒకసారి లోపలికి కుట్టాను. మళ్ళీ వదులైపోతే మళ్ళీ కుట్టాల్సి వచ్చింది. రెండోసారి ఆ గౌను మిషను మీద పెట్టినప్పుడు నాకు తిక్క రేగింది. వెళ్ళి బావ మీద ఒంటికాలి మీద లేచాను.

"అది పసిపిల్ల బావా, టెలిఫోను కాదు. మీ మాటలు అక్కడికీ అక్కడి మాటలు మీకూ మోయలేక అది ఎలా అయిపోతోందో కళ్ళజోడు పెట్టుకుని చూడండి."

ఆయన తల దించుకున్నాడు. "నాకు మిగిలిన దారి అదొక్కటేనమ్మా. అది కూడా మూసేయకు" అన్నాడు. ఆ మాటకి నా కోపమంతా చల్లారిపోయింది. దాంతో నా మీద నాకే విసుగొచ్చింది.

పుస్తకం చివరికొచ్చింది. ఒకప్పుడు గబగబా పేజీలు తిప్పిన పిట్ట ఇప్పుడు ఒకే పేజీ పట్టుకుని పూటంతా కూర్చుంటోంది. ఆఖరి కాగితం దగ్గర పూర్తిగా ఆగిపోయింది. పుస్తకం దాచేద్దామా అని పెద్దది నన్ను అడిగింది. దాస్తే అది ఇంకెంత బెంగపెట్టుకుంటుందో అని నేను ఒప్పుకోలేదు. పిట్టని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఎందుకమ్మా ఆగిపోయావని బతిమాలాను.

"అయిపోతే రాక్‌లో పెట్టేస్తారుగా" అంది.

"పుస్తకమే కదే."

"పుస్తకంతో పాటు అమ్మ కూడా వేరేవాళ్ళది అయిపోతుందిగా పిన్నీ."

ఇంకెవరింట్లోనైనా పిల్లలకి ఇలాంటి భయం పుడుతుందా? ఇచ్చేయడం నేర్పిన ఇల్లు అది. ఇచ్చేయకూడనిది కూడా ఒకటుంటుందని దానికెవరూ చెప్పలేదు. నేను దాన్ని గట్టిగా కావలించుకున్నాను. నేను చెప్పి ఊరుకుంటే తీరే భయం కాదది.

మర్నాడు మధ్యాహ్నం పెద్దదీ నడిపివాడూ పాత పేపర్ల కొట్టుకి వెళ్ళారు. మిషను మీద గుడ్డ కప్పేసి, తుమ్ములొస్తే వచ్చాయిలే అని నేనూ ఆ మూలలోకి దూరాను. పిట్ట కంగారుగా చూసింది.

"నాకూ వినాలనుందే" అన్నాను.

"నీకు వినబడదు పిన్నీ."

"అయితే అమ్మ అన్నది అన్నట్టు నువ్వు పైకి చెప్పు. నేను మీ అమ్మ చెల్లెల్నేగా, నాకు మాత్రం వినాలనుండదా?"

అది రిబ్బను తీసి నా చేతిలో పెట్టింది. సన్నగా మొదలుపెట్టింది. ముసలమ్మ సముద్రం దగ్గరికి చేరింది. గాడిద కనబడింది, కానీ దాని మీద ఎవరో చిన్నపిల్ల కూర్చుని ఉంది. గాడిద మాట్లాడే చోట పిట్ట ఒకసారి గొంతు సవరించుకుంది. అచ్చం అక్కే. ఆ బొంగురు గొంతు, మాట చివర చిన్న సాగతీత. నేను పక్కకి తల తిప్పలేదు. తిప్పితే ఎవరు కనబడతారో అని భయమేసింది.

అంతలో అది టక్కున ఆగింది. వేలు కాగితం మీద ఒకచోట నిలబడిపోయింది.

"ఏమైందే?"

"ఇక్కడ చిరిగిపోయింది పిన్నీ" అని, చిరుగు దాటి కింది వరస అందుకుంది.

 పోయినవాళ్ళు చెవిలో చదివి వినిపిస్తుంటే కాగితం చిరుగు అడ్డమెలా అవుతుంది? దాని కళ్ళు ఎడమ నుంచి కుడికి, మళ్ళీ ఎడమకి పరుగెడుతున్నాయి. అంటే ఇది తనే చదువుతోంది. ముసలమ్మ గాడిదని పిలవలేదు. దాని చెవులు నిమిరి, వచ్చిన దారినే నడుచుకుంటూ వెళ్ళిపోయింది. పిట్ట పుస్తకం మూసేసింది.

"ఎంత బాగా చదివావే" అన్నాను.

పిట్ట తల అడ్డంగా ఊపింది. "అమ్మ ఆ రిబ్బను దగ్గరే ఆపేసింది పిన్నీ. మిగతాదంతా నేనే" అంది. అని భోరుమంది. ఏడుస్తూనే చెప్పింది. అమ్మ చదివినట్టే ఉంటుందని మొదట్లో తన లోపల తనే అమ్మ గొంతుతో చదువుకుంది. చదవడం ఎప్పుడొచ్చిందో దానికే తెలియదు. తర్వాత నాన్న రోజూ వచ్చి అడుగుతుంటే, అది అమ్మ కాదని చెప్పడానికి నోరు రాలేదు.

అప్పుడు చూశాను, గుమ్మంలో బావ ఉన్నాడు. భోజనానికి వచ్చాడు, ఎంతసేపయిందో తెలియదు.  ఆయన్ని ఆపాలని నేను చేయి అడ్డం పెట్టాను. ఆయన దగ్గరికి వచ్చి, పిట్ట కన్నీళ్ళు తుడిచి, జుట్టు సవరించాడు. అడగకుండా ఉండటానికి ఆయన చాలా కష్టపడ్డాడని నేను చూశాను. ఉండలేకపోయాడు.

"అయితే తల్లీ, కోపం లేదని చెప్పింది కూడా... నువ్వేనా?"

 ఇంత చిన్న పిల్ల మీద అంత బరువైన ప్రశ్న. అవునంటే ఆయన ఏమైపోతాడో, కాదంటే పిట్ట మళ్ళీ ఆ మూలలోనే ఉండిపోతుందేమో. దాని బదులు నేనే ఏదో ఒకటి చెప్పేద్దామని నోరు తెరిచాను. పిట్ట ఏడుపు ఆపి, నాన్న అడిగింది అర్థం కానట్టు ఆయన్ని విచిత్రంగా చూసింది.

"అది పుస్తకంలో లేదుగా నాన్నా. లేనిది నేనెలా చదువుతాను?"

బావ ఉన్నచోటే కూలబడ్డాడు. పిట్ట పుస్తకం ఆయన ఒళ్ళో పడేసి, నా కొంగు పట్టి లాగింది.

"పిన్నీ, ఆకలేస్తోంది."

ఎన్నాళ్ళకి అడిగింది. నేను గబగబా లేచాను గాని, ఆ మూలకి వీపు పెట్టి వంటింట్లోకి నడవడానికి నాకు ధైర్యం చాలలేదు.