అడగడానికి ఎవరూ లేని చోటు

రబ్బరు చెట్టు మీద నిన్నటి గాటులో ఎండిపోయిన పాలచారను ఎమలిన్ నోనా గోటితో పట్టి లాగింది. అది సాగి సాగి, టప్పున ఊడి చేతికొచ్చింది. దాన్ని నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకుని, గాటు కింద బెరడును వంపుకత్తితో ఉల్లిపొరంత పల్చగా చెక్కింది. తెల్లటి బొట్లు పుట్టి, ఒకదాన్నొకటి తరుముకుంటూ ఏటవాలుగా జారి, కింద కట్టిన కొబ్బరిచిప్పలో పడ్డాయి. ఆమె తర్వాతి చెట్టు దగ్గరికి నడిచింది.

పొట్టి మనిషి. మణికట్లు మాత్రం మగవాడి మణికట్లలా లావు. చెట్ల ముందు వంగీ వంగీ నడుము కాస్త ముందుకు ఒరిగిపోయింది. పెళ్ళై ఈ కొండకు వచ్చిన నాటి నుంచీ ఆమె తెల్లవారుజాములన్నీ ఈ రబ్బరు చెట్ల మధ్యే గడిచాయి. ఇవాళ ఆఖరు. రేపు వెసక్ పౌర్ణమి, బుద్ధుడు పుట్టిన రోజు. కొడుకు ఒప్పుకుంటే, రేపు పొద్దున ఆమె వాగు అవతలి సన్యాసినుల ఆశ్రమంలో చేరిపోతుంది. కొడుకే వచ్చి స్వయంగా అప్పగించాలని అక్కడి పెద్ద సన్యాసిని, పెద్దమ్మగారు పట్టుబట్టారు. నిమల్ ఇంకా అవుననలేదు.

పొద్దెక్కాక పాల బకెట్లు మోసుకుని పాకకు చేరేసరికి పక్క వరుసలో పనిచేసే డింగిరి అప్పటికే చెక్కబల్ల మీద కూర్చుని కాలికి పట్టిన జలగను ఉప్పుతో వదిలించుకుంటోంది.

"రాత్రి రేడియోలో ఒక పెద్దాయన చెప్పాడక్కా, మన బౌద్ధం మతమే కాదంట. తత్వమంట. దేవుడు లేనిది మతమెట్లా అవుతుందంటాడు."

"అయ్యో, ఇన్నాళ్ళూ గుడికి పూలు మోసి మోసి చేతులు నొప్పులు పుట్టె. ముందే చెప్పుంటే పుస్తకం ఒకటి మోసేవాళ్ళం కదే."

"నవ్వకు. బుద్ధుడు దేవుడు కాదు, వినడు, ఇవ్వడు. నాకూ తెలుసు. అందుకే ఆయనకు దండం పెట్టుకుని, అదే ఆవరణలో పక్కనున్న, ఈ కొండల్ని కాచే సమన్ దేవుడి దగ్గరికెళ్ళి నా పనులు చెప్పుకుంటా. నువ్వు అటు తొంగి కూడా చూడవు. వినేవాడు లేడని తెలిసీ దీపం ఎందుకు పెడతావక్కా?"

"చీకటి పడుతుంది కదే."

"ఎగతాళా?"

"లేదే. మతమో తత్వమో నిజంగానే నాకు తెలీదు. అక్కడ కూర్చుంటే బాగుంటుంది. అంతే."

ఆమె మొదట్నుంచీ ఇలా ఉండేది కాదు. భర్త పియదాస మంచం పట్టినప్పుడు ఎమలిన్ తిరగని గుడి లేదు, కొట్టని కొబ్బరికాయ లేదు. అయినా వానాకాలంలో అతను పోయాడు. ఏ దేవుడికి కోపం తెప్పించానా అని ఆమె తనలో తప్పు వెతుక్కోవడం మొదలుపెట్టింది. చేపల కూర తిన్న నోటితో మొక్కానా? మైలబట్టతో గుడి మెట్లెక్కానా? నిద్ర పోయింది, కూడు సయించలేదు. ఒకరోజు విహారంలో ముసలి భిక్షువును అడిగేసింది. ఆయన వక్క కత్తిరిస్తూనే, "ఎవరికీ కోపం రాలేదమ్మా. జబ్బు చేసింది, మనిషి పోయాడు. నిన్నెవరూ శిక్షించలేదు," అన్నాడు.

ఆమె ఇంటికొచ్చి పడుకుంది. ముఖం మీద ఎండ పడేదాకా లేవలేదు. లేచి, కుండెడు పనసకాయ కూర ఒక్కతే తినేసింది. పసివాడు నిమల్ నోరు తెరుచుకుని చూస్తుంటే వాణ్ణి చూసి నవ్వింది. ఆ నవ్వు మళ్ళీ ఆమెను వదల్లేదు.

మధ్యాహ్నం ఇంట్లో పండగ అన్నానికి బియ్యం కడుగుతూ, కొబ్బరికాయ లేదని గుర్తొచ్చి డింగిరిని కేకేసింది. డింగిరి వచ్చింది, ఉత్త చేతులతో.

"మీ ఇంట్లో మూల ఒక కాయ చూశానే మొన్న."

"అది వాడకూడదు." డింగిరి గుమ్మం వైపు చూసింది. "మొక్కుకున్న కాయ."

"దేనికి?"

"నువ్వు ఆశ్రమానికి పోకుండా ఆపితే కొడతానని."

ఎమలిన్ బియ్యం గిన్నె కింద పెట్టి, గుమ్మంలో కూలబడి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ముందే కొట్టాల్సింది కదే పిచ్చిదానా!"

"ముందే కొడితే ఆయన పని చేస్తాడా? పనయ్యాకే కాయ." డింగిరి వచ్చి పక్కనే చతికిలబడింది. "నువ్వు పోతే ఆ చీకట్లో ఎవరితో మాట్లాడుకుంటూ పాలు గీయాలక్కా?"

ఎమలిన్ నవ్వాపి ఆమె చెయ్యి పట్టుకుంది. రెండు చేతులకూ ఒకటే రబ్బరు వాసన.

"పౌర్ణమికి పౌర్ణమికి రా. నెల కబుర్లన్నీ దాచి పట్టుకురా. సరే, ఆయన పని చేశాడా?"

"ఇంకా లేదు."

"అయితే కాయ ఇంకా నీదే. పట్టుకురా, పాలు తీద్దాం."

చీకటి పడకముందే పట్నం నుంచి నిమల్ తోలే లారీ వచ్చింది. కొబ్బరిపాల అన్నాన్ని అరిటాకు మీద పరిచి, గట్టిపడనిచ్చి, డింగిరి ముక్కలు కోసింది. నిమల్ ఉల్లికారం నంజుకుంటూ తల ఎత్తకుండా తిన్నాడు.

"అక్కడ మధ్యాహ్నం దాటితే తిండి పెట్టరు. తెలుసా?"

"తెలుసురా. అందుకే ఇప్పుడు తింటున్నా."

"జనం ఏమంటారమ్మా? కొడుకు కూడు పెట్టలేదంటారు."

"పెట్టాడని నేను చెబుతాగా."

"కష్టం కలిగి పోతున్నావా?"

"సుఖంగా ఉండి పోతున్నా. కష్టంగా ఉంటే ఇక్కడే ఏడుస్తూ కూర్చునేదాన్ని."

అతను వేళ్ళకంటిన అన్నం వైపు చూశాడు. "దేవుడు లేడంటావు. అడిగేదేమీ లేదంటావు. మరి అక్కడేం చేస్తావు?"

ఆమె ఉల్లికారం అతని వైపు జరిపింది. "నిన్ను చంకనేసుకుని ఈ కొండెక్కేదాన్ని. ఇంటికొచ్చి కిందకి దించాక చేతులు తేలిపోయేవి చూడు, అక్కడ కూర్చుంటే అట్లా ఉంటుందిరా."

"అంటే నేను బరువా?"

"మోసినన్నాళ్ళూ బాగుంది. ఇప్పుడు లారీయే నిన్ను మొయ్యలేకపోతోంది."

నిమల్‌కు నవ్వొచ్చి పొలమారింది. డింగిరి అతని నడినెత్తిన చరిచింది. దగ్గూ నవ్వూ కన్నీళ్ళూ ఒక్కసారే వచ్చాయి. అవి తగ్గాక అతను ఇంకో ముక్క అందుకుని, "పొద్దున్నే బయల్దేరాలి. లారీ శుభ్రంగా కడుగుతాను," అన్నాడు.

మర్నాడు ఆశ్రమం వాకిట్లో నిమల్ తల్లి చేతిని పెద్దమ్మగారి చేతిలో పెట్టాడు. పెద్దమ్మగారు కత్తి తడిపి ఎమలిన్ తల గీశారు. రాలిన జుట్టును డింగిరి తెల్లగుడ్డలో పట్టింది.

"ఓలమ్మో! నీ చెవులు ఇంత పెద్దవా అక్కా!"

పెద్దమ్మగారితో సహా అందరూ నవ్వారు. ఎమలిన్ చెవులు తడుముకుని మరీ నవ్వింది. కాషాయం కట్టుకుని వచ్చాక కొడుకు, స్నేహితురాలు నేలకు వంగి మొక్కారు. మొక్కి లేచిన డింగిరికి అక్కా అన్న పిలుపు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "పోయొస్తానమ్మగారూ," అంది. ఎమలిన్ కనుబొమలెగరేసి, ఆవరణ ఊడ్చడానికి చీపురందుకుంది.

తిరిగొచ్చాక నిమల్ తల్లి ఇంటి తలుపులు వేస్తున్నాడు. కిటికీ కూడా మూయబోతే, "అదొక్కటీ తెరిచే ఉంచరా, గాలి ఆడనీ," అంది డింగిరి. కిటికీ గట్టు మీద ఎమలిన్ కొమ్ముదువ్వెన ఉంది. దాని పళ్ళ మధ్య చిక్కుకున్న పొడవాటి నెరిసిన వెంట్రుక ఒకటి ఎండలో మెరుస్తూ, ఏటవాలుగా గాలికి ఊగుతోంది.