స్వదేశీ ఓడ

ఓడ ముక్కు మీదున్న విదేశీ పేరును గ్రైండరుతో చెరిపేస్తూ గోవిందు కింద పడ్డాడు. నడుముకు బెల్టు లేదు. ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. మరునాడు అతని చోట ఇంకొకణ్ణి ఎక్కించారు. పేరులో ఇంకా రెండక్షరాలు మిగిలున్నాయి మరి.

తిరుపతి జిల్లా తీరంలోని ఆ యార్డు ఓనరు రవిచంద్ర గొప్ప దేశభక్తుడు. మన ఓడలు మన దేశంలోనే కట్టాలని ప్రభుత్వం రాయితీ ప్రకటించగానే బయటి దేశంలో ఓ పాత ఓడ కొన్నాడు. ఒడ్డుకు లాగించి రంగు వేయించాడు. అది స్వదేశీ ఓడ అయిపోయింది. వందలమందికి ఉపాధి ఇచ్చానని సర్కారుకు చెప్పుకున్నాడు. గోవిందు భార్య సంతోషమ్మ వచ్చి అడిగితే మాత్రం, "మీ ఆయన మా వర్కరు కాదమ్మా, పని నేర్చుకోడానికి వచ్చాడు" అన్నాడు.

మధ్యాహ్నం షెడ్డులో అన్నం ముందు కూర్చుని వెల్డరు నాగవేణి అంది. ఆమె ఊరు ఐరాల.

"సర్కారుకు సూపించేటప్పుడు మనమంతా పనోళ్లం. సచ్చిపోతే ఎవురమూ కాము."

"కొంచెం ఓర్సుకో పాపా. ఓడ నీళ్లలోకి దిగినాక అడుగుదాం," అన్నాడు కార్వేటినగరం మునస్వామి. అందరిలో పెద్దవాడు.

"దిగినాక మనల్ని గేటు లోపలికి రానిస్తాడా చిన్నాయనా?"

మునస్వామి చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత అడిగాడు. "ఓడ కదలకుండా కింద పెట్టిన దుంగలు కొట్టి తీసేది ఎవురు?"

"మనమే."

"తీయకుంటే సరిపాయె."

ఓడను నీళ్లలోకి దింపే రోజు మంత్రి వచ్చాడు. సముద్రాలను ఏలబోతున్నామని ప్రసంగించాడు. రవిచంద్ర కళ్లు తుడుచుకున్నాడు. పచ్చజెండా ఊపారు, బ్యాండు మోగింది. ఓడ కదల్లేదు. కార్మికులు సుత్తులు కింద పెట్టి సంతోషమ్మతో కలిసి ఓడ ముందు కూర్చున్నారు.

రవిచంద్ర పరిగెత్తుకొచ్చాడు. "ఏం మునస్వామీ, పరువు తీస్తారా?"

"గోవిందు నీ పనోడని ఆ మైకులో సెప్పు సామీ. ఇప్పుడే దింపుతాం."

చెబితే చావు మీద విచారణ వస్తుంది. విచారణ వస్తే ఓడ పుట్టుక బయటపడుతుంది. దేశభక్తుడు పోలీసుల వైపు చూశాడు. నాగవేణినీ మునస్వామినీ ముందు ఈడ్చుకెళ్లారు. తర్వాత మిగతావాళ్లను. టీవీ కెమెరాల ముందు మొగుడు పోయినదాన్ని ఈడిస్తే బాగుండదని సంతోషమ్మను మాత్రం ముట్టుకోలేదు. మంత్రి కారెక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి రవిచంద్ర పక్క ఊళ్ల నుంచి లారీలో కూలీలను దింపించాడు. వాళ్లలో ముందు నడిచినవాడు ఓడ ముందు ఒంటరిగా కూర్చున్న సంతోషమ్మ దగ్గర ఆగాడు.

"ఎవురమ్మా నువ్వు? ఈడెందుకు కూసోనుండావు?"

"ఈ ఓడ పనిలో సచ్చిపోయినోడి పెండ్లాన్ని. నా మొగుడు ఈడ పనే సేయలేదంటాండారు."

అతను వెనక్కి తిరిగి తనవాళ్లను చూశాడు. ఒకరి తర్వాత ఒకరు ఆమె చుట్టూ కూర్చున్నారు.

రవిచంద్ర మళ్లీ పోలీసులకు ఫోన్ చేశాడు. మొదటివాళ్లను తీసుకెళ్లిన వ్యాన్లు ఇంకా తిరిగి రాలేదన్నారు.