ఏ గుంపులోనూ పడని మనిషి

కడియం నర్సరీల్లో కూలికి వెళ్లే ఆడవాళ్లకు ఆ వేసవిలో డాక్టరు డేనియల్ గారు రక్తపరీక్షలు చేయించారు. ల్యాబ్ నుంచి వచ్చిన ఫైలును తమ చర్చికే వచ్చే కృపారాణికి పంపారు. ఆమె రాజమండ్రిలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతోంది.

"హిమోగ్లోబిన్‌ని బట్టి వీళ్లని నాలుగు గుంపులు చేసి పెట్టమ్మా. మరీ తక్కువున్నవాళ్లని ముందు పిలిపిద్దాం" అన్నారాయన.

కృపారాణికి అది నల్లేరు మీద నడక. లెక్కల కోసం వాడే 'ఆర్' అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో 'కట్' అనే ఫంక్షన్ ఉంటుంది. గట్లు ఎక్కడ వేయాలో చెబితే చాలు, అంకెలన్నిటినీ మడుల్లోకి పంచేస్తుంది. ఫైల్లోని అతి తక్కువ అంకె దగ్గర మొదటి గట్టు వేసింది. ఎనిమిది, పదకొండు, పన్నెండు దగ్గర మూడు వేసి, అతి ఎక్కువ అంకె దగ్గర ఆఖరుది వేసింది. క్షణంలో పట్టిక తయారైంది.

మెయిల్ పంపబోతూ ఎందుకో నాలుగు గుంపుల్నీ కూడి చూసింది. పరీక్ష చేయించుకున్నవారి కంటే ఒకరు తగ్గారు.

ఆ ఒక్కరూ ఎటు పోయినట్టు? ఖాళీ గడి ఏమైనా ఉందా అంటే లేదు. ఎవరి పేరైనా రెండుసార్లు పడిందా అంటే అదీ లేదు. చివరికి ఏ గుంపులోనూ పడనివారిని చూపించమని అడిగితే తెర మీద ఒకే వరుస వచ్చింది. నూకరత్నం, నలభై ఒక్క ఏళ్లు, హిమోగ్లోబిన్ 5.2.

అందరికంటే రక్తం తక్కువున్న మనిషే జాబితాలో లేదు!

కృపారాణి వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేసింది. "సార్, నూకరత్నం అని ఒకావిడకి 5.2 ఉందండి. ఇవాళే చూడాలండి."

"కారు తీసుకుని వస్తున్నాను, సిద్ధంగా ఉండు."

ఆయన వచ్చేలోగా ఆమె చేయి ఊరుకోలేదు. ఆ ఫంక్షన్ మామూలుగా కుడి గట్టు మీదున్న అంకెను మడిలోకి తీసుకుంటుంది, ఎడమ గట్టు మీదున్నదాన్ని పక్క మడికి వదిలేస్తుంది. మొదటి మడికి ఎడమ పక్కన మరో మడి లేదు. నూకరత్నం సరిగ్గా ఆ గట్టు మీదే ఉంది. మరి తిరగేస్తే? ఎడమ గట్టును లోపలికి తీసుకోమని చెప్పింది. నూకరత్నం వచ్చి చేరింది గానీ, ఈసారి అందరికంటే రక్తం ఎక్కువున్న అచ్చాయమ్మ మాయమైంది. కృపారాణికి కంగారులోనూ నవ్వొచ్చింది. మొదటి గట్టును సున్నాకీ, ఆఖరి గట్టును అంతు లేనంత దూరానికీ జరిపాక ఇద్దరూ దారికొచ్చారు.

కారెక్కగానే అడిగింది. "సార్, సరిగ్గా ఎనిమిది ఉన్నవాళ్లు మొదట 'తీవ్రం' గుంపులో పడ్డారు, తిరగేస్తే దాని పక్కనున్న 'మధ్యస్థం' గుంపులోకి వెళ్లారు. ఏది రైటండి?"

"ఎనిమిది కంటే తక్కువైతేనే తీవ్రం అంటాం. అయినా వాళ్లనీ ముందే పిలుద్దాంలే. ఆ కాస్తలో ఒంట్లో ఏం తేడా ఉంటుంది?"

నర్సరీలో ఆకుపచ్చ నెట్ కింద కూర్చుని కవర్లలో మట్టి నింపుతోంది నూకరత్నం. డాక్టరుగారు ఆమె కింది రెప్ప లాగి చూశారు. సున్నం కొట్టినట్టుంది.

"ఆయాసం వస్తోందామ్మా?"

"వత్తందండి. ఎండలకేమో అనుకున్నానండి. రెండు బొచ్చెల మట్టి మొయ్యగానే కూలబడిపోతన్నాను."

సాయంత్రానికల్లా ఆమెను రాజమండ్రి పెద్దాసుపత్రిలో చేర్పించి రక్తం ఎక్కించారు. మూడోరోజున కృపారాణి చూడబోతే మంచం మీద లేచి కూర్చుని ఇడ్లీ తింటోంది.

"మీ కంప్యూటరు నన్నొదిలేసిందంటగా? నేనేం చేశానండి దాన్ని?"

"తప్పు దానిది కాదండి. నేనే తీసుకెళ్లి గట్టు సరిగ్గా మీ మీద వేశాను."

"పోన్లెండి, మళ్లీ వెతుక్కుంటా వచ్చారుగా" అంటూ పళ్లెం ఆమె వైపు జరిపింది. "ఒకటి తీస్కోండి, చట్నీ బాగుంది."

ఇద్దరూ తింటుండగా డాక్టరుగారు వచ్చారు. కృపారాణి లేచి నిలబడి, "సార్, ఈసారి మగవాళ్లకి కూడా పరీక్షలు పెడదామా?" అంది.

"ఏం, ఎందుకూ?"

"వాళ్లకి గట్లు వేరే అంకెల దగ్గరుంటాయంట కదండీ. వాళ్ల అంకెలు కూడా చూస్తే ఎందుకలా ఉంటాయో తెలుస్తుందేమోనని."